విచారణకు వచ్చినవాళ్లు

సూరత్‌లో కరోనా రెండో అల తగ్గి, దుకాణాల షట్టర్లు మళ్లీ సగం పైకి లేచిన రోజులవి. ఆఫీసుకు సగంమందే రావాలని ఆర్డరు. మూడో అంతస్తులో సుభాషిణి ఒక్కతే కూర్చునేది. శానిటైజర్ వాసన, ఫ్యాను చప్పుడు, కిటికీ అవతల వాన. లంచాల కేసుల్లో ఇరుక్కున్న ప్రభుత్వ ఉద్యోగుల మీద శాఖాపరమైన విచారణ జరపడం ఆమె పని. ఎదురుగా కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఏడాది కంప్యూటర్ తెరమీదే అడగాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం విచారణ జయంత్ జరీవాలాది. ఏప్రిల్‌లో ఆక్సిజన్ సిలిండర్ల పంపిణీ ఆయన చేతిలో ఉండేది. జనానికి టోకెన్లిచ్చి డిపో ముందు వరుసలో కూర్చోబెట్టి, సిలిండర్లను వెనక గేటు నుంచి అమ్ముకున్నాడన్నది ఆయన మీద అభియోగం.

ఆ వరుసలో సుభాషిణి తండ్రి సాంబయ్య కూడా కూర్చున్నాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, సూరత్ శివారు అమ్రోలిలో మరమగ్గాల మధ్య వయసంతా కరగదీసి కూతుర్ని చదివించుకున్న మనిషి. అప్పుడు సుభాషిణి కూడా జ్వరంతో మంచం పట్టి ఉంది. బిడ్డకు చెప్పొద్దని భార్య లింగవ్వ దగ్గర మాట తీసుకుని, ఆమె భుజం పట్టుకుని డిపో దాకా నడిచాడు. నీడ తిరిగేసరికి వరుసలోనే తల వాల్చేశాడు. టోకెన్ పిడికిట్లోనే ఉండిపోయింది.

ఈ కేసు తనకు వద్దని సుభాషిణి పైఅధికారికి చెప్పుకుంది. ఇంట్లో మనిషి పోని ఆఫీసర్ని ఈ ఊళ్లో ఎక్కణ్నుంచి తెమ్మంటావని ఆయన అడిగాడు. ఆయన భార్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

జరీవాలా అడాజన్‌లోని తన ఫ్లాట్ నుంచి తెరమీదికి వచ్చాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వాంగ్మూలం రాసుకునే రుచిత తన ఇంటి నుంచి కలిసింది. ప్రశ్నలు గుజరాతీలో సాగాయి. టోకెన్ల సంగతే తనకు తెలియదన్నాడాయన.

ఆయన వెనక, సోఫా పక్కన, నేలమీద ఎవరో కూర్చుని ఉన్నారు. విచారణ జరిగేటప్పుడు గదిలో వేరేవాళ్లు ఉండకూడదని, ఆ మనిషిని బయటికి పంపమని చెప్పింది సుభాషిణి.

"ఇంట్లో నేనొక్కణ్నే, మేడమ్" అన్నాడు జరీవాలా. భార్యాపిల్లలు నవ్సారి వెళ్లిపోయారట. ఆ మాట చెబుతూ వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు.

ఆమె తర్వాతి ప్రశ్న చూసుకుని తలెత్తింది.

గది నిండా ఉన్నారు.

ముసలివాళ్లు, ఆడవాళ్లు, కాలేజీ బ్యాగు తగిలించుకున్న పిల్ల. అందరూ ముందుకు వంగి, మోచేతులు మోకాళ్లకు ఆనించి కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. దగ్గడం లేదు. అందరి భుజాలూ ఒక్కసారే లేస్తున్నాయి... ఒక్కసారే పడుతున్నాయి...

"మేడమ్... ఆయనింట్లో అంతమందేంటి?" రుచిత గుసగుసలాడింది. మరుక్షణం తెరమీద ఆమె గడి నల్లబడిపోయింది.

స్పీకర్‌లోంచి ఊపిరి వినబడుతోంది. తడిగుడ్డ చింపినట్టు... ఆగి... మళ్లీ.

"రోజూ వస్తారు" అన్నాడు జరీవాలా, ఏడుస్తూ. "ఏమీ అడగరు. కూర్చుంటారు. ఇప్పుడివ్వడానికి నా దగ్గర ఏముంది మేడమ్?"

సుభాషిణి ఆయన్ని చూడటం లేదు. గోడవార, భుజం మీద తువ్వాలుతో, మగ్గం ముందు వంగి వంగి గూనిపడ్డ వీపు ఒకటి. ఆ వీపు ఆమెకు తెలుసు.

"నాయినా..."

ఆ తల మెల్లగా లేచింది. కళ్లు ఆమె వైపు తిరగలేదు. జరీవాలా చేతుల వైపే చూస్తున్నాయి.

"నంబర్ రాలే బిడ్డా."

"ఇగ వద్దు నాయినా. లే, ఇంటికి పోదాం."

"జరసేపైతే వస్తది. నువ్వు పండుకో. జ్వరమున్నది నీకు."

తెర ఆరిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుంది. తలమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తర్వాత చూస్తే విచారణ రికార్డింగ్‌లో ఖాళీ సోఫా, గోడ, ఏడుస్తున్న జరీవాలా. అంతే. తెలుగులో ఆమె ఒక్కతే మాట్లాడుకుంటున్నట్టు ఉంది. రుచిత ఆ ఉద్యోగానికి మళ్లీ రాలేదు. జరీవాలా నేరం ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేశారు.

అమ్మకు చెప్పకూడదనే అనుకుంది సుభాషిణి. కానీ అన్నం దగ్గర చెప్పేసింది. లింగవ్వ భయపడలేదు. చెయ్యి కంచంలోనే ఉంచి అడిగింది.

"ఇంక ఆడనే ఉన్నడా? నేను లేకుండ ఒక్కడే ఎట్ల కూసున్నడే?"

ఆ మాట సుభాషిణిని పట్టుకుని వదల్లేదు. తొలగింపు ఉత్తర్వు తలుపుకు అంటించడానికి ప్యూన్ వెళ్తుంటే, తనకు పని లేకపోయినా వెంట వెళ్లింది. తండ్రి కూర్చున్న చోటు ఒకసారి చూడాలి, అంతే. జరీవాలా అప్పటికే నవ్సారి వెళ్లిపోయాడు. ఫ్లాటుకు తాళం.

తలుపు ముందు నుంచి వరండా పొడుగునా, మెట్ల మీదుగా కిందికి, సుద్దతో గీసిన గుండ్రాలు. కరోనా రోజుల్లో దుకాణాల ముందు దూరం దూరంగా నిలబడమని గీసేవారే, అలాంటివి. పొద్దున్నే కడిగేస్తాననీ, మధ్యాహ్నానికల్లా మళ్లీ ఉంటాయనీ వాచ్‌మన్ చెప్పాడు. ఎవరు గీస్తారో అతనెప్పుడూ చూడలేదట.

ప్యూన్ కాగితం అంటించి లిఫ్ట్ వైపు నడిచాడు. సుభాషిణి తాళాన్ని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తన కాళ్ల వైపు చూసుకుంది. ఒక గుండ్రంలో నిలబడి ఉంది. తలుపుకీ ఆమెకీ మధ్య ఇంకొక్కటే ఉంది, ఖాళీగా.

వెనక నుంచి తడిగుడ్డ చింపినట్టు ఊపిరి, ఆ తర్వాత చెవికి దగ్గరగా, ఎన్నడూ వినని ఆడమనిషి గొంతు తెలుగులో అంది.

"జర ముందుకు జరుగమ్మా."