గట్టి గుడ్డు

కోడిగుడ్లు పొదిగించే హేచరీ నుంచి కబురందగానే నూకరత్నం పరుగున బయల్దేరింది. ఐదేళ్ల క్రితం ఇక రానక్కర్లేదని చెప్పి పంపేసిన చోటు అది.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు ఆమె అక్కడ గుడ్లు ఏరింది. రెండు గుడ్లను చెవి దగ్గర తాకించి, మోతను బట్టి పెంకు సంగతి చెప్పేసేది. పెంకు బలాన్ని అంకెల్లో కొలవాలంటే మాత్రం గుడ్డును నొక్కి పగలగొట్టాల్సిందే. కొలత దొరికేది, గుడ్డు పోయేది. హేచరీలో పరిశోధన చూసే డాక్టర్ సుభాషిణి చేసిన మెషీన్‌తో ఆ బాధ తీరింది. అది చిన్న సుత్తితో గుడ్డును తట్టి, ఆ ధ్వనిని సెన్సర్‌తో విని, పెంకు ఎంత బరువు ఓర్చుకుంటుందో చెప్పేస్తుంది. దానికి వినడం నేర్పింది నూకరత్నమే. నేర్పిన నెలకే ఆమె పని పోయింది.

అప్పటినుంచి మెషీన్ గట్టివన్న గుడ్లనే పొదిగించారు. ఆ పిల్లలు పెరిగి ఇంకా గట్టి గుడ్లు పెట్టాయి. అమ్మకానికి వెళ్లే లారీల్లో గుడ్డు పగలడం మానేసింది. పుట్టే పిల్లలు ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంటే, పొదిగే గది వేడిలో తేడా ఏమోనని సరిపెట్టుకున్నారు.

ఈసారి పిల్లలు బయటికి రావాల్సిన ఇరవై ఒకటో రోజు దాటినా నలభై వేల గుడ్లలో ఒక్కటీ బీటలు వారలేదు.

నూకరత్నం ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది. "బతికే ఉన్నాయండి. లోపల్నుంచి పొడుస్తున్నాయి. పెంకు లొంగట్లేదండి."

పెంకులు పగలగొట్టడానికి పనివాళ్లందరూ చెంచాలు పట్టుకుని కూర్చున్నారు. తొందరపడితే పిల్లకు నెత్తురొచ్చేది, నిదానిస్తే పక్క గుడ్డు చల్లబడేది. మధ్యాహ్నానికి మూడొందలు కూడా బయటపడలేదు.

"పొదగడానికి మీరూ గట్టివే ఏరేవారు కదా?" అంది సుభాషిణి, ఏడుపు ఆపుకుంటూ.

"లేదండి. గట్టివి లారీకి పంపేదాన్ని. పొదిగేదానికి కాస్త మెత్తగా మోగేవి తీసేదాన్ని. పిల్ల బయటికి రావాలి కదండీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గట్టివేవో చూపించమన్నారు, చూపించానండి. అంత పెద్ద మిషనుకి ఆ మాత్రం తెలీదా అనుకున్నాను." తప్పు తనదేనని ఆమెకు అనిపించింది.

"పోనీ, ఇప్పుడు ఆ మెత్తవే ఏరిపెట్టండి. మళ్లీ మొదలుపెడదాం."

"అవి పెట్టే కోడి మన దగ్గర మిగిలిందాండీ?"

అవతలి గదిలో మెషీన్ ఆ రోజు గుడ్లను తట్టి చూస్తోంది. ప్రతిదానికీ గట్టిదేనంటూ పచ్చ లైటు వెలుగుతోంది.

నూకరత్నం చెవికి ఆనించుకున్న మరో గుడ్డులో చప్పుడు ఆగిపోయింది. అయినా దాన్ని కింద పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.