బర్కూకా ఒట్టు

"ఒక ఎలుక కావాలండీ. కాస్త బుద్ధిమంతురాలైతే మంచిది."

రబాబ్ చేతిలోని నీళ్ల సీసా కింద పెట్టి, డాబా గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ని చూసింది. అయిదంతస్తులు ఎక్కి వచ్చాడు కాబోలు, ఆయాసపడుతున్నాడు. చొక్కా మాత్రం ఇప్పుడే ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసినట్టుంది.

"ఎలుకకి బుద్ధేమిటండీ? సంబంధం చూడ్డానికి వచ్చారా?"

"అంటే... కరవనిది."

"ఎవర్ని?"

అతను కాస్త నసిగాడు. "మా పాముని."

ఇంబాబా పేటలోని ఆ డాబా సగం రబాబ్ తండ్రి బదావీది, సగం ఆమెది. ఆయన సగంలో పావురాల గూళ్లు, ఆమె సగంలో తెల్ల ఎలుకల బోనులు. ఎలుకలు సైన్స్ కాలేజీ లాబ్‌కి వెళ్తాయి. పాము కోసం ఎవరూ అడగలేదు ఇంతవరకూ. రబాబ్ ఒక ఎలుకని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది గానీ, అతను దిగిపోయాక చాలాసేపు అదే ఆలోచన. పాము ఎలుకని ఎటువైపు నుంచి మింగుతుంది? తలా, తోకా?

తర్వాతి వారం మళ్లీ వచ్చాడు. ఆ పై వారం కూడా. మూడోసారి ఆమె ఆగలేకపోయింది.

"పాము తిన్నదా?"

"లేదు."

"రెండోదాన్ని?"

"అదీ లేదు."

"మరి నా ఎలుకలు?"

"బాగున్నాయి. మొదటిది కాస్త ఒళ్లు చేసింది."

రబాబ్‌కి నవ్వొచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది. అతను నవ్వడం లేదు.

పేరు వగ్దీ. వీధి చివర ఇస్త్రీ దుకాణం, దాని వెనకే ఇల్లు. ఇంట్లో అతనూ తాతయ్యా ఇద్దరే. పాము పేరు బర్కూకా. అంటే ఆల్‌బుఖారా పండు. ఒంటి మీద ఆ రంగు మచ్చలుంటాయట, అందుకని.

"మీ దగ్గరికి రాకముందు బజార్లో ఒక ఎలుకని కొని, పెట్టెలో వదిలి నేను ఇస్త్రీకి కూచున్నానండీ. రెండు గంటలయ్యాక చూస్తే బర్కూకా మెడ దగ్గర రక్తం. పాము ఎలుకని తింటుందనుకున్నాం గానీ, ఎలుక పాముని కొరకడమేమిటి?"

"దానికి ఏమైనా తినడానికి పెట్టారా?"

"ఎవరికి?"

"ఎలుకకి."

"తిండికి తిండి పెట్టాలా?"

"ఆకలేస్తే అది మాత్రం ఊరుకుంటుందా? పెద్ద ఎలుక పళ్లు చూశారా ఎప్పుడైనా?" రబాబ్ ఒక ఎలుకని మెడ దగ్గర పట్టుకుని, దాని మూతి అతని ముక్కు ముందు పెట్టింది. వగ్దీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాముల్ని పెంచే ఇంటివాళ్లు ఎలుకకి భయపడతారా!"

"పాములకి ఒట్టు ఉంటుందండీ. ఎలుకలకి ఎవరు వేయిస్తారు?"

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అతని తాతయ్య హాజీ మబ్రూక్ తరతరాలుగా పాముల్ని పట్టే రిఫాయీల వంశం. ఎవరింట్లో పాము దూరినా ఆయన్నే పిలుస్తారు. ఆయన గడపలో నిలబడి ఒట్టు చదివి పాముని బయటికి పిలుస్తాడు. నీకు నేను హాని చెయ్యను, నువ్వూ ఎవరికీ చెయ్యకు అని. పట్టినవాటిని ఎడారిలో వదిలేస్తాడు. బర్కూకా పిండిమరలో తోక నలిగి దొరికింది, దాన్ని వదల్లేక ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే ఉంచాడు.

"ఇప్పుడు రెండున్నర నెలలుగా ఏమీ తినడం లేదు. ఒట్టేసిన చేతిలో పాము ఆకలితో పోతే, ఆ చెయ్యి ఇంక పాముని పిలవకూడదు, మా వాళ్ల కట్టుబాటు. యాభై ఏళ్ల పని ఆయనది. దానితో పాటు ఆయనా తిండి మానేశాడు. రోజుకి సగం రొట్టె. ఆ సగం కూడా నేను పోట్లాడితేనే."

"చంపిన ఎలుకని పెట్టి చూశారా? కరిచే భయం ఉండదుగా."

"తాతయ్య ఒప్పుకోడు. చచ్చినదాన్ని పెట్టడం బర్కూకాకి అవమానమట."

"అవమానమని బర్కూకా చెప్పిందా?"

"ఆయన్ని అడగండి, మీకు అంత ధైర్యముంటే."

రబాబ్ మర్నాడే తండ్రి పొడుగు చొక్కా గలాబియాని ఇస్త్రీకని పట్టుకుని దుకాణానికి వెళ్లింది. అది ముందే ఇస్త్రీ అయి ఉందని వగ్దీ చూశాడు. చూసి, మళ్లీ చేశాడు.

వెనక గదిలో హాజీ మబ్రూక్ గోడకి ఆనుకుని కూచున్నాడు. పక్కన పలకల నేల మీద చెక్కపెట్టె.

"రామ్మా. ఎలుకలమ్మాయివి నువ్వేనా? మావాడు నీ ఎలుకల గురించే మాట్లాడుతుంటాడు. ఎలుకల గురించి అన్ని మాటలుంటాయని నాకు తెలీదు."

దుకాణంలో ఇస్త్రీ పెట్టె టంగుమంది.

"ముట్టుకోవచ్చా తాతయ్యా?"

"వేలు కాదు, అరచెయ్యి పెట్టు."

రబాబ్ పెట్టింది. మట్టికూజాని ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. బర్కూకా కదల్లేదు. నాలుక ఒక్కసారి బయటికి వచ్చి, చాలా నెమ్మదిగా లోపలికి పోయింది.

"పాత ఇంట్లో ఈ పెట్టె ఎక్కడుండేది?"

"మా ఆవిడ రొట్టెల పొయ్యి వెనక. ఆవిడ పోయింది, ఇల్లు కూలగొట్టారు. చలికాలం మొదట్లో ఇక్కడికి వచ్చాం."

రబాబ్ గదంతా చూసింది. కిటికీ లేదు. తన ఎలుకలు కూడా జనవరిలో తిండి తగ్గిస్తాయి, వాటి బోనుల్ని రోజూ ఎండ వెంట జరుపుతూ ఉంటుంది. ఇదీ అంతేనేమో అనుకుంది. నోరు తెరిచేలోగా పెద్దాయనే అన్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఈ ఇంటావిడ బాతుల్ని పెంచుతుంది. పాముంటే గది ఇవ్వనంది. అందుకని మెట్ల దగ్గర అందరి ముందూ ఒట్టు చదివాను, ఈ ఇంట్లో ఊపిరి ఉన్న దేన్నీ ముట్టుకోవద్దని. ఎలుకకీ ఊపిరుందన్న సంగతి మర్చిపోయాను. అది మాట నిలబెట్టుకుంటోంది. మాట తప్పమని దాన్ని నేనెలా అడగను?"

గుమ్మంలో వగ్దీ తలొంచుకుని నిలబడ్డాడు. ఎండ గురించి చెప్పబోయిన రబాబ్ ఆగి, ఆ మాటనే మరోవైపు నుంచి చెప్పింది.

"ఆ ఒట్టు ఈ ఇంటికే కదా తాతయ్యా? మా డాబా మీదికి తీసుకురండి. అది వేరే ఇల్లు. ఎండ కూడా ఉంటుంది."

హాజీ మబ్రూక్ ఆమెని చూశాడు. తర్వాత మనవణ్ని చూశాడు. "యాభై ఏళ్లలో నాకు తట్టలేదురా ఇది!"

"పావురాల డాబా మీదికి పామా!" అన్నాడు ఆ సాయంత్రం ఇంట్లో బదావీ. "అమ్మాయీ, జ్వరమేమైనా తగిలిందా?"

"ఒట్టు చదువుతారు నాన్నా. పాముకి కాకపోయినా రిఫాయీ మాటకి విలువ లేదా?"

బదావీ శుక్రవారం నమాజు అయ్యాక రమ్మన్నాడు. ఆ రోజు తాతామనవలు పెట్టె మోసుకుని మెట్లెక్కేసరికి, బదావీ గూళ్లకి అడ్డంగా చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"హాజీ గారూ, మీరంటే నాకు గౌరవం. కానీ ఒట్టు నా ముందు చదవండి. ఊపిరి ఉన్న దేన్నీ ముట్టుకోకూడదని చెప్పండి."

"అలా కుదరదు నాన్నా!" అంది రబాబ్. "మళ్లీ మొదటికొస్తుంది. ఎలుక ఊపిరి పీల్చదా?"

"అయితే తెల్లవి ముట్టుకోవద్దనండి."

"ఎలుకలూ తెల్లవే."

"రెక్కలున్నవి!"

"మీ పిల్లపావురాలకి రెక్కలు ఇంకా రాలేదండీ," అన్నాడు వగ్దీ మెల్లగా.

"నువ్వు ఎవరి పక్షం, కుర్రాడా?"

"మీ పావురాల పక్షమే కదండీ, గుర్తు చేశాను!"

హాజీ మబ్రూక్ చెయ్యెత్తాడు. ఆయన మూత తీసి, కళ్లు మూసుకుని ఒట్టు చదివాడు. చివర్న గొంతు పెంచాడు.

"ఈ డాబా మీద ఏ ప్రాణినీ ముట్టుకోకు. బదావీ కూతురు రబాబ్ తన చేత్తో పెట్టింది ఒక్కటే నీకు హలాల్."

వగ్దీ చేతిలోని గ్లాసులో టీ ఒలికింది. ఎందుకో రబాబ్‌కి అర్థం కాలేదు.

బర్కూకాని ఎండలో రేకు మీద ఉంచారు. రబాబ్ పక్కనే కూచుంది. గంట గడిచింది. బదావీ రెండుసార్లు పావురాల్ని లెక్కపెట్టుకున్నాడు. రబాబ్ మాత్రం పాము నాలుకనే చూస్తోంది. మొదట్లో అప్పుడప్పుడు, తర్వాత తరచుగా, ఇప్పుడు ఆగకుండా ఆడుతోంది.

"పెద్దది వద్దు. పళ్లు గట్టిపడనిది చాలు," అంటూ ఒక చిన్న ఎలుకని తోక దగ్గర హుక్కా నిప్పుల పట్టకారుతో పట్టుకుంది. "తిరగబడితే వెంటనే లాగేస్తాను. బిస్మిల్లా."

ఎలుక రేకు మీద కూచుని, ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకుంది. బర్కూకా తల పక్కకి తిప్పుకుంది. హాజీ మబ్రూక్ గుండెల నిండా ఊపిరి తీసుకుని, వదలడం మర్చిపోయాడు.

"తీసెయ్యనా?" అన్నట్టు వగ్దీ సైగ చేశాడు. రబాబ్ తల అడ్డంగా ఊపింది. కదలకుండా, చెయ్యి నొప్పెడుతున్నా అలాగే పట్టుకుంది.

అప్పుడు బర్కూకా తిరిగింది. తిరగడమే కనిపించింది, పట్టుకోవడం కనిపించలేదు. మూడు చుట్లు బిగిశాయి. వగ్దీ కళ్లు మూసుకున్నాడు. రబాబ్ ముందుకు వంగింది.

"తలవైపు నుంచే మొదలుపెట్టింది! వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కదా, అడ్డం పడవు. చూడండి, చూడండి!"

"నీకు... మీకు జాలి వెయ్యలేదా?" అన్నాడు వగ్దీ.

"వేసింది. పుట్టినప్పటి నుంచీ నేనే పెంచాను. కళ్లు మూసుకుంటే తగ్గుతుందా?"

తోక కొస కూడా లోపలికి పోయాక హాజీ మబ్రూక్ మొహం తుడుచుకున్నాడు. "అమ్మాయీ, మీ ఇంట్లో రొట్టె ఏమైనా ఉందా?"

రబాబ్ తల్లి కిందనుంచి చిక్కుడు గింజలు ఉడికించిన ఫూల్, ఉల్లిపాయలు, రొట్టెలు పంపింది. పెద్దాయన ఒకటి పూర్తిగా తిని, రెండోదాని కోసం చెయ్యి చాచాడు. వగ్దీ ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"ఎండ పనిచేసిందేమో తాతయ్యా," అంది రబాబ్.

"ఎండా కావచ్చు, నీ చెయ్యీ కావచ్చు. నేను రెండూ తీసెయ్యను. నాలుగు రోజులు దీన్ని కదపకూడదు, కక్కేస్తుంది. పెట్టె మీ పొయ్యి గోడకి ఆనించి పెట్టుకుంటే చాలు."

"ఇక్కడేనా!" అన్నాడు బదావీ. తర్వాత గూళ్ల వైపు చూసి, "సరే, మాట నిలబెట్టుకుంది కదా," అని చీపురు పక్కన పెట్టాడు.

దిగబెట్టడానికి రబాబ్ వెంట రాగా, మెట్ల మలుపులో వగ్దీ ఆగాడు.

"మీకొక మాట చెప్పాలి. మా ఒట్టులో ఇంటివాళ్ల పేర్లే పెడతారు. బయటివాళ్లవి పెట్టరు. మా నానమ్మ పేరు కూడా తాతయ్య అలాగే పెట్టాడు, పెళ్లికి ముందు నెల."

రబాబ్‌కి టీ ఎందుకు ఒలికిందో అప్పుడర్థమైంది.

"మీరు పెట్టమన్నారా?"

"లేదు. నేను అడగాలనుకుంటూనే ఉన్నాను, ఆయన ముందే చదివేశాడు. మీకిష్టం లేకపోతే మార్చి చదువుతాడు. ఏమీ అనుకోడు."

"మీకేమనిపించింది, నా పేరు వినగానే?"

"వేడి ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పడ్డట్టు."

"నొప్పా?"

"మొదట తెలీదు. తర్వాత ఇంక వేరే ధ్యాస ఉండదు."

పైనుంచి బదావీ గొంతు వినిపించింది. "హాజీ గారూ, ఆడపిల్ల పేరు పెట్టేముందు తండ్రినడగొద్దా?"

"ఇప్పుడు అడుగుతున్నాను కదా బదావీ!"

"నన్ను కాదు, దాన్నడగండి. నా మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారు గనక!"

వగ్దీ గోడ వంక చూస్తున్నాడు. రబాబ్ అతన్నే చూస్తోంది, ఇందాక బర్కూకాని చూసినట్టే, తొందర లేకుండా.

"పాముకే రెండున్నర నెలలు పట్టింది," అంది చివరికి. "నాకొక వారం ఇవ్వరా?"

"ఇస్తాను. అంతవరకూ?"

"రోజూ రండి. చూడకుండా నేను ఎలా ఆలోచించుకోను?"

వగ్దీ తలూపి గబగబా దిగాడు. రబాబ్ పైకి తిరిగింది. మూడో అంతస్తు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ ఎక్కుతున్న చప్పుడు, ఆ వెనకే అదే ఆయాసం.

"ఒక సందేహం. రోజూ అంటే... ఇవాళ్టి నుంచా, రేపటి నుంచా?"