విమానం మీద నీలం చార

రోజూలాగే ఆ పొద్దున కూడా ఫ్రేములక్క తన దగ్గరున్న తాళంచెవితో పుట్టింటి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. బజారు మలుపులో ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆమెది. అందుకే కట్టుకున్నవాడి దగ్గర్నుంచి కూరగాయలమ్మే మనిషి దాకా అందరికీ ఆమె ఫ్రేములక్కే. షాపు తెరిచేముందు చుట్టుదారైనా సరే ఇటు వచ్చి, నాన్నకి బీపీ మాత్ర ఇచ్చి, ఆయనతో కూర్చుని కప్పు టీ తాగితేనే ఆమెకి తెల్లారినట్టు. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఈ అలవాటు తప్పలేదు.

ఆ రోజు కిటికీ పక్కన నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. మాటలు భోజనాల బల్ల దగ్గర్నుంచి వస్తున్నాయి.

"ఇటువైపు ఇంకాస్త, మామయ్యా. ఆ, అంతే."

"నేను పట్టుకున్నానమ్మా. నువ్వు జిగురు పెట్టు."

బల్ల నిండా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, గరుకు కాగితాలు, బొటనవేలంత రంగు సీసాలు. తమ్ముడి భార్య సన్నటి పట్టకారుతో బియ్యపు గింజంత ముక్కని పట్టుకుని వంగి ఉంది. ఎదురుగా నాన్న, కళ్ళజోడు ముక్కు కొసకి జారిపోతున్నా పట్టించుకోకుండా, వేళ్ళ మధ్య ఏదో పట్టుకుని రాయిలా కూర్చున్నాడు.

"ఏంటిదంతా?" అంది ఫ్రేములక్క.

"విమానం," అన్నాడాయన తలెత్తకుండానే. "ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుంటాయి చూడు, పాతకాలపుది. ముక్కలు విడివిడిగా ఇస్తారు. అతికించుకోవడం మన వంతు, రంగులేసుకోవడం మన వంతు."

"మాత్ర వేసుకున్నావా?"

"అమ్మాయి ఇచ్చింది."

"టీ?"

"తాగేశాం వదినా," అంది మరదలు లేవబోతూ. "మీకు ఇప్పుడే పెడతాను. ఈ జిగురు ఒక్కటి ఆరనిస్తే..."

"అక్కర్లేదులే. షాపుకి టైమైంది."

షాపుకి ఇంకా చాలా టైముంది. ఆమె మాత్రం గబగబా మెట్లు దిగిపోయింది.

దారంతా పాత రోజులే గుర్తొచ్చాయి. నాన్న పిండిమిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఏది పాడైనా విప్పి బాగుచేసేవాడు. అప్పట్లో ఆయన పక్కన చతికిలబడి, మరలన్నీ వరసగా గిన్నెలో వేసి ఇచ్చేది తనే. తన పనితనం చూసి "ఇదిగో, ఈ ఇంటికి అసలు మేస్త్రీ ఇదీ" అనేవాడు వచ్చినవాళ్ళందరితో. తమ్ముడికి ఎప్పుడూ ఆ పేరు పెట్టలేదు. ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఆ చోట కూర్చుంది.

అదీ ఎలాంటి పిల్ల? మొన్నమొన్నటి దాకా కామెర్లని మంచం దిగలేదు. కామెర్లు తగ్గాక కూడా గది దాటలేదు. ఇంటికి ఎవరొచ్చినా తలుపు వేసుకునేది. "కామెర్లకే ఇంత వైభోగమైతే, నేను ఇద్దరు పిల్లల్ని కని వారానికల్లా షాపుకెళ్ళినదాన్ని, నాకు పల్లకీ పెట్టాలి" అని ఆ గది గుమ్మంలోనే నిలబడి అంది ఫ్రేములక్క ఒకసారి. సరదాకే అంది.

ఆ పూట అన్నం దగ్గర భర్తతో మొర పెట్టుకుంది.

"మీ నాన్నకి కాలక్షేపం దొరికిందిగా. సంతోషించాలి గానీ," అన్నాడతను.

"కాలక్షేపానికి నేను లేనా?"

"నువ్వెళ్ళి మాత్ర మింగించి వస్తావు. అది కాలక్షేపమెలా అవుతుంది? డ్యూటీ."

ఆ పూట అతనికి కూర రెండోసారి రాలేదు.

మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసింది. అతను లిఫ్టు మెకానిక్కు. "ఒరేయ్, ఆ బొమ్మ మీ ఆవిడ కొనిచ్చిందా నాన్నకి?"

"అక్కా, రెండంతస్తుల మధ్య వేలాడుతున్నాను. తర్వాత మాట్లాడతా."

ఆ తర్వాత అనేది రాలేదు. ఎప్పుడు చేసినా తమ్ముడు వేలాడుతూనే ఉన్నాడు.

విమానం మాత్రం రోజురోజుకీ ఒళ్ళు చేసింది. మొదట పొట్ట, తర్వాత కింది రెక్క, ఆ రెక్క మీద నిలబెట్టిన అగ్గిపుల్లల్లాంటి కడ్డీలు. ఫ్రేములక్క వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టింది. రంగుల వాసన నాన్న ఊపిరితిత్తులకి మంచిది కాదంది. బల్ల మీద అన్నం తినేదెట్లా అంది. ఆయన పుట్టినరోజుకి తను కొన్న వాకింగు బూట్లు డబ్బాలోంచి బయటికి రాలేదని గుర్తుచేసింది. నాన్న అన్నిటికీ "అవునమ్మా" అన్నాడు. అని, మళ్ళీ విమానం వైపు తిరిగాడు. మరదలు కిటికీ తలుపులు బార్లా తెరిచి, రంగు సీసాల మూతలు బిగించింది. ఎదురు చెప్పి ఉంటే ఫ్రేములక్కకి కాస్త హాయిగా ఉండేది.

ఒక పొద్దున ఆమె వచ్చేసరికి పై రెక్కకి పసుపురంగు వేయడం అప్పుడే అయింది. మరదలు కుంచె పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తోంది. నాన్న రెక్కని వెలుతురు వైపు తిప్పి, "ఎక్కడా చార తేలలేదు. శభాష్ మేస్త్రీ," అన్నాడు.

ఫ్రేములక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరూ చూడకముందే వెనక్కి తిరిగింది. ఆ రోజు షాపులో అద్దం కోస్తుంటే రెండు అద్దాలు పగిలాయి.

ఆ వచ్చే ఆదివారం ఆమె వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ లేరు. నాన్న క్షవరానికి వెళ్ళి ఉంటాడు. మొగుడూ పెళ్ళాలు బజారుకెళ్ళి ఉంటారు. బల్ల మీద విమానం ఒక్కటే ఉంది.

ఇన్నాళ్ళలో దాన్ని సరిగ్గా చూడటం అదే మొదలు. పసుపు పొట్ట, రెండు పసుపు రెక్కలు, వాటి మధ్య బిగించిన దారాలు, బుల్లి చక్రాలు, గోరంత అద్దం వెనక నడిపేవాడి సీటు. ఒంటరిగా చూస్తే ముద్దొచ్చింది. ముద్దొచ్చినందుకు ఇంకా ఉడుక్కుంది.

ముక్కు దగ్గర్నుంచి తోక దాకా పక్క భాగం మీద పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టి ఉంది. పక్కనే నీలం రంగు సీసా, కొత్త కుంచె. ఒక పాత పళ్ళెం నిండా నీలం గీతలు. మొదటివి పాము పాకినట్టున్నాయి, పోనుపోను కాస్త తిన్నగా వచ్చాయి. ఇక్కడ నీలం చార రావాలన్నమాట. ఆ పిల్ల దానికోసం పళ్ళెం మీద ఓనమాలు దిద్దుకుంటోందన్నమాట. ఫ్రేములక్కకి నవ్వొచ్చింది. ఫ్రేముల అంచున బంగారు గీతలు తను కొలబద్ద లేకుండా లాగుతుంది.

ఆమె కుర్చీ లాక్కుంది. కుంచె ముంచి, అంచుకి ఒత్తి, ఒక్క ఊపులో ముక్కు నుంచి తోక దాకా లాగింది. విమానం తిప్పి రెండో పక్కా లాగింది. తీగ సాగదీసినట్టు వచ్చాయి రెండూ. కుంచె కడిగి పెట్టేసి కిటికీ దగ్గర కూర్చుంది. చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది.

కాసేపటికి ముగ్గురూ కలిసే వచ్చారు. నాన్న చెప్పులు విడుస్తూనే బల్ల వైపు చూసి ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఎప్పుడు గీశావు? ఎంత బాగా వచ్చిందమ్మా."

మరదలి చేతిలో సంచి అలాగే ఉంది. "నేను గీయలేదు మామయ్యా."

"మరెవరు?"

"నేను," అంది ఫ్రేములక్క లేచి నిలబడి.

మరదలు బల్ల దగ్గరికి వచ్చి ఆ చారని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. సంచి కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు చేశావక్కా ఇలా?" అన్నాడు తమ్ముడు. అతని గొంతు ఎప్పుడూ అంత నీరసంగా వినలేదామె.

"ఏం చేశాను? పాడుచేశానా? చూడు, వెంట్రుకవాసి తేడా ఉందేమో చూడు. ఆ పిల్ల గీస్తే ఇంత తిన్నగా వచ్చేదా?"

"వచ్చేది కాదు," అన్నాడు నాన్న.

"మరి?"

"రానక్కర్లేదు."

ఆ ఒక్క మాటకి ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా బయటపడింది. "అవునులే. నేను గీస్తే తప్పు, ఆ పిల్ల వంకరగా గీసినా ఒప్పు. నేను వచ్చి గుమ్మంలో నిలబడితే తలెత్తి చూడవు. నా మాత్ర అక్కర్లేదు, నా టీ అక్కర్లేదు. మేస్త్రీ అని నన్ను పిలిచిన నోటితో దాన్ని పిలిచావు. విన్నాను నాన్నా. ఒక్క బొమ్మ కొనిచ్చేసరికి కన్నకూతురు పరాయిదైపోయిందా?"

"ఆ పిల్ల కొనలేదు. కొన్నది నేను."

"నువ్వా? నీకెందుకు?"

నాన్న వంటింటి వైపు చూశాడు. "చెప్పనని మాటిచ్చాను. నన్నడగకు."

కుళాయి ఆగింది. మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నా గొంతు నిలకడగానే ఉంది.

"నేను చెబుతాలెండి మామయ్యా. అప్పుడు నాకు కామెర్లు కాదు వదినా. నాలుగో నెలలో కడుపు పోయింది."

ఫ్రేములక్క తమ్ముడి వైపు చూసింది. అతను అవునన్నట్టు తల ఊపాడు.

"ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. మామయ్య రోజూ తలుపు దగ్గర టీ పెట్టి వెళ్ళేవారు. చల్లారాక తీసుకెళ్ళేవారు. ఒక రోజు టీ బదులు ఈ డబ్బా పెట్టారు."

"నాకేం తెలుసు విమానాల గురించి," అన్నాడు నాన్న నేల చూస్తూ. "షాపువాడు ఏది కావాలన్నాడు. అన్నిటికంటే ఎక్కువ ముక్కలున్నది ఇవ్వమన్నాను. ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకున్నాను. నాకు చేతకావడం లేదు, కాస్త సాయం పట్టమ్మా అని అడిగితే గదిలోంచి బయటికి వచ్చింది."

"చిన్న ముక్క అతికించేటప్పుడు ఇంకేదీ గుర్తురాదు వదినా," అంది మరదలు. "ఆ చార ఒక్కటీ నేనే గీస్తానని అడిగాను. బాగా గీస్తానని కాదు. మొదలుపెట్టింది ఏదో ఒకటి నా చేత్తో పూర్తవ్వాలని."

ఫ్రేములక్క కుర్చీ అంచున కూలబడింది. వైభోగం అన్నది తనే. పల్లకీ అన్నదీ తనే. ఆ మాటలప్పుడు ఈ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నవ్వలేదేమని తను నొచ్చుకుంది కూడా.

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే రోజంతా నా దగ్గరే ఉండేవారు. పథ్యాలు వండేవారు. మీ చిన్నదాన్ని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టేవారు. అన్నీ నా మంచికే. నేను తట్టుకోలేననిపించింది."

అది నిజమే. అచ్చం అలాగే చేసి ఉండేది. కన్నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు ఫ్రేములక్కకి. కాసేపటికి లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"పసుపు బాగా గట్టిపడింది. నీలం ఇంకా పచ్చిగానే ఉంది. థిన్నరు ఎక్కడ?"

"వద్దు వదినా. బాగుంది, ఉండనివ్వండి."

"బాగానే ఉంది. కానీ అది గీయాల్సింది నేను కాదు."

దూదిని థిన్నరులో తడిపి, తను గీసిన చారని తోక దగ్గర్నుంచి మొదలుపెట్టి తనే తుడిచింది. తన జన్మలో అంత తిన్నటి గీత మళ్ళీ వస్తుందో లేదో. దూది నీలమైంది. పసుపు చెక్కుచెదరలేదు. రెండో పక్క కూడా తుడిచేసి, కుర్చీ వెనక్కి జరిపి పక్కకి తప్పుకుంది.

"నేను షాపు దాకా వెళ్ళొస్తాను. నువ్వు స్థిమితంగా గీసుకో."

"ఆదివారం షాపేంటి వదినా," అంది మరదలు కుర్చీలో కూర్చుంటూ. "చక్రాలు దొర్లిపోతున్నాయి. కాస్త పట్టుకోండి."

ఫ్రేములక్క రెండు చేతులూ విమానం పొట్ట కింద పెట్టి ఎత్తి పట్టుకుంది. మరదలు కుంచె ముంచింది, అంచుకి ఒత్తింది, ముక్కు దగ్గర ఆనించింది. చార మెల్లగా సాగింది. రెక్క కిందికి వచ్చేసరికి కాస్త లావెక్కి, పైకి ఎగబాకింది. ఫ్రేములక్క వేళ్ళు ఊరుకోలేకపోయాయి. విమానాన్ని పిసరంత వంచితే సరిపోతుంది. వంచలేదు. పెదవి కొరుక్కుని అలాగే నిలబడింది.

"వంకరపోయింది కదా వదినా?"

"కొంచెం."

"దిద్దనా?"

"నీ ఇష్టం తల్లీ."

మరదలు ఆ వంకరని కాసేపు చూసింది. "ఉండనీండి," అని, అక్కడి నుంచే మళ్ళీ అందుకుని తోక దాకా వెళ్ళింది. కుంచె పైకెత్తి, "అయిపోయింది," అంది. ఆ మాట మళ్ళీ అనబోయి అనలేక, ముందుకు వంగి తలని వదినగారి చేతికి ఆనించింది. భుజాలు కదిలిపోతున్నాయి.

ఫ్రేములక్క చేతుల్లో తడి ఆరని విమానం ఉంది. కింద పెడితే చక్రాలు దొర్లుతాయి, పట్టు మారిస్తే చార అంటుకుంటుంది.

"ఒరేయ్," అంది తమ్ముడితో. "ఇటొచ్చి దీన్ని పట్టుకో. నాకు చేతులు కావాలి."