గ్రూపులోంచి వెళ్లిపోవడానికి ఒక ఫోన్

పొద్దున్నే కొట్టు తలుపు తీసి, నిన్నటి మూటలు విప్పి, తెల్లబట్టలు ఒకవైపు, రంగుబట్టలు ఒకవైపు వేసుకుని, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా ఒక కప్పు టీ తాగడం అక్కయ్యకు అలవాటు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఇస్త్రీ అక్కయ్యే. ఆ రోజు కూడా కప్పు నోటిదాకా వెళ్లింది గానీ టీ గొంతు దిగలేదు. దానికి కారణం నర్సమ్మ.

అక్కయ్య చెల్లెలు పనిచేసే ఆసుపత్రిలోనే ఈ నర్సమ్మ కొత్తగా చేరింది. యూనిఫాంల మూట బల్ల మీద పెట్టి, అక్కయ్య ముఖంలోకి జాలిగా చూసింది.

“జ్వరం పూర్తిగా తగ్గిందా అండీ? పాపం, సొంత మనిషి పెళ్లికే రాలేకపోయారు.”

“ఎవరి పెళ్లి?”

“అదేంటండీ, మీ చెల్లెలుగారి అమ్మాయి పెళ్లి! పోయిన నెల మేమంతా వెళ్లాం కదా. మీ అక్కగారేరీ అని వియ్యపురాలు అడిగితే, అక్కకి జ్వరం, మంచం దిగలేకపోతోంది అని మీ చెల్లెలుగారే చెప్పారు.”

అక్కయ్యకు తల కొట్టేసినట్లయింది. అయినా పరాయివాళ్ల ముందు బయటపడే మనిషి కాదు. “తగ్గిందమ్మా, ఇప్పుడు బాగానే ఉంది” అని మూట అందుకుంది. ఆ పూట ఆ యూనిఫాంలకు జరిగిన ఇస్త్రీ అంతా ఇంతా కాదు. కసంతా పెట్టెలోకి దిగి, కాలర్లు కత్తుల్లా లేచి నిలబడ్డాయి.

ఆ పిల్ల ఎవరనుకున్నారు? చెల్లెలు కడుపున పుట్టిందన్నమాటే గానీ పెరిగిందంతా ఈ ఇస్త్రీ కొట్టులోనే. తల్లికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. పాలసీసాతో సహా తెచ్చి అక్క చేతిలో పెట్టి వెళ్లేది. పిల్ల బట్టల మూటల్లో దూరి నిద్రపోతే, ఏ మూటలో ఉందో తెలియక అక్కయ్య అన్నీ విప్పి వెతికేది. అందుకే దానికి చిట్టెలుక అని పేరు పెట్టింది. మొగుడు పోయి, పిల్లల్లేని అక్కయ్యకు ఆ పిల్లే లోకం. చదువై, ఉద్యోగం వచ్చి, వేరే ఊరు వెళ్లాక కూడా వారానికోసారి ఫోన్ చేసేది. ఈమధ్య మానేసింది. ఉద్యోగంలో తీరిక లేదేమో అనుకుని అక్కయ్య సర్దిచెప్పుకుంది. తీరిక లేకపోవడం కాదు, ఏకంగా పెళ్లే చేసుకుందన్నమాట!

బటన్ ఫోన్ తీసి చెల్లెలి నంబరు నొక్కింది.

“నాకు జ్వరమటగా?”

అవతల చెల్లెలు గొంతు సవరించుకుంది.

“పెళ్లి సంగతి గ్రూపులో పెట్టాం కదక్కా. అందరికీ అలాగే చెప్పాం. ఈ కాలంలో ఇంటింటికీ తిరిగి ఎవరు చెప్తున్నారు? గ్రూపులొచ్చే ఫోన్ నీ దగ్గర లేకపోతే మేమేం చేస్తాం?”

“బటన్ ఫోన్‌కి నంబరు ఉండదా? నీకు వేళ్లు లేవా?”

“నాకు డ్యూటీ టైమైంది. సాయంత్రం మాట్లాడతా.”

సాయంత్రం ఫోన్ రాలేదు. అక్కయ్య ఎదురు చూడనూ లేదు. అప్పటికే పళ్లు నూరుతూ ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ గ్రూపు పేరు ‘మన ఇల్లు’ అని, అందులో కొత్త అల్లుడినీ వియ్యపురాలినీ కూడా చేర్చుకున్నారని జ్వరం మాట నిజమేనని నమ్మేసిన, పొరుగూళ్లో ఉండే తమ్ముడి దగ్గర కూపీ లాగింది. తానూ ఆ గ్రూపులో అడుగుపెట్టాలి. అందరూ చూస్తుండగా చెల్లెలి గాలి తీసెయ్యాలి. పెంచిన చేతులను మరిచిపోయినందుకు ఆ చిట్టెలుకకూ నాలుగు తగిలించాలి. ఆపైన ఛీ పొమ్మని బయటికి వచ్చెయ్యాలి. బయటికి రావాలంటే ముందు లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే ఆ దిక్కుమాలిన ఫోన్ కొనాలి.

మర్నాడు కొట్టుకు తాళం వేసి, నాలుగు వీధుల కూడలిలో ఉన్న ఫోన్ల దుకాణానికి వెళ్లింది. కౌంటరు వెనక దాదాపు తన వయసే ఉన్న ఒకావిడ, మోకాళ్ల నొప్పులు కాబోలు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఎలాంటిది చూపించమంటారు? కెమెరా బాగుండాలా, బ్యాటరీ ఎక్కువ రావాలా?”

“గ్రూపులోంచి వెళ్లిపోవడానికి ఏది బాగుంటుంది?”

ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. “గ్రూపులోకి రావడానికి కొంటారండీ అందరూ.”

“నేను వెళ్లిపోవడానికే కొంటున్నా.”

“ఎవరు?”

“చెల్లెలు.”

“నాకు తోడికోడలు” అందావిడ. ఇక వాళ్లిద్దరికీ వేరే పరిచయం అక్కరలేకపోయింది. లోపల్నుంచి స్టూలు తెప్పించి అక్కయ్యను కూర్చోబెట్టింది.

అద్దాల బల్ల మీద ఫోన్లు వరసగా పేర్చింది. అక్కయ్య అన్నిటికన్నా పెద్దది, తళతళలాడేది చేతిలోకి తీసుకుంది. “ఇది ఇవ్వండి. మా చెల్లెలిదానికి వెనకాల మూడు కళ్లుంటాయి. దీనికి నాలుగున్నాయి.”

“మూడు కళ్లుండీ అక్క కనబడలేదన్నమాట ఆవిడకి! అది అటు పెట్టండి. మీరేమైనా ఫోటోలు తీస్తారా?”

“వాళ్ల మొహాలకి ఫోటోలు కూడానా!”

“మరి ఆ కళ్ల మీద డబ్బు తగలెయ్యడం దేనికి? పంతానికి కొంటే పంతం తీరాక అది బీరువాలో పడుంటుంది. నా మాట వినండి. అక్షరాలు కళ్లజోడు లేకుండా కనబడాలి, ఇస్త్రీ చప్పుడులో కూడా మాట వినబడాలి. పొద్దున చార్జింగ్ పెడితే మళ్లీ పడుకునేదాకా రావాలి. ఇదిగో, ఇది పట్టుకుని చూడండి, చేతిలోంచి జారుతోందా?”

జారలేదు. నల్లగా, సాదాగా, కాస్త మందంగా ఉంది. ఆవిడ అక్కయ్య సిమ్ అందులో వేసి, తన ఫోన్ నుంచి దానికి కాల్ చేసి, దుకాణం చివరిదాకా నడిచి వెళ్లి “వినబడుతోందా అక్కయ్యా?” అంది. పక్కన నిలబడి అన్నట్టే వినబడింది. అక్కయ్యకు నచ్చింది.

“అయితే గ్రూపులోంచి వెళ్లిపోతే అందరికీ తెలుస్తుందిగా?”

“ఒకప్పుడు తెలిసేది. ఇప్పుడు గ్రూపు నడిపేవాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పదు.”

“చెప్పకుండా పోవడానికా ఇంత ఖర్చు!” అక్కయ్యకు మళ్లీ మండింది. “అయితే నోటితో చెప్పి మరీ పోతా. నాకు దీంట్లో రాయడం రాదు. మాట్లాడితే అందరికీ వినబడాలి, దానికి దారి ఉందా?”

“ఈ మైకు బొమ్మ మీద వేలు నొక్కి పెట్టి మాట్లాడండి, అందరికీ వెళ్తుంది” అని చూపించింది ఆవిడ. ఇంతలో మరో బేరం రావడంతో అటు తిరిగింది. ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

కొట్టుకు తిరిగి వస్తూనే అక్కయ్య తమ్ముడికి ఫోన్ చేసింది. ఎవరికీ కాదని చెప్పలేని ఆ తమ్ముడు, చెల్లెలిని అడగకుండానే అక్కను గ్రూపులో చేర్చాడు. తెర మీద ‘మన ఇల్లు’ అని కనబడగానే అక్కయ్య తలుపు దగ్గరగా వేసింది. అనాల్సిన మాటలన్నీ దారి పొడవునా కూడబలుక్కుంది. నాకు జ్వరం లేదు, రోగం లేదు. నన్నెవరూ పిలవలేదు. అబద్ధాల మీద పెళ్లి చేసిన ఆ ఇల్లు నాకొద్దు. అంతే. ఆ మాటలు విని వియ్యపురాలు చెల్లెలి వైపు చూసే చూపు తలుచుకుంటేనే ఆమెకు కడుపు నిండినట్లయింది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి నొక్కింది.

“హలో” అంది.

ఎవరైనా పలకాలి కదా! బదులు లేదు. ఆ బొమ్మ నొక్కితే వెళ్లేది కబురు మాత్రమే గానీ అది ఫోన్ కాల్ కాదని ఆమెకెవరు చెప్పారు? అవతల మనిషి ఊఁ అనకుండా తిట్టడం ఆమెకు ఏనాడూ చేతకాదు. వేలు తీసింది, మళ్లీ నొక్కింది.

“హలో... ఉన్నారా? నేనే, అక్కయ్యను.”

మళ్లీ నొక్కింది. “హలో... వినబడుతోందా? ఎవరైనా ఉన్నారా?”

మళ్లీ. “చిట్టెలుకా... నువ్వున్నావా? పెద్దమ్మనే. నువ్వైనా పలుకు.”

ఆ తరువాత చాలాసేపు నొక్కి పట్టుకుంది. గోడ గడియారం టిక్కుటిక్కు తప్ప మరే చప్పుడూ లేదు. చివరికి “ఎవరూ మాట్లాడరేం?” అని, ఫోన్ తీసుకెళ్లి కొట్టు మూలనున్న బీరువాలో పడేసింది. వినేవాళ్లు లేకుండా వెళ్లిపోతే ఏం లాభమని, వెళ్లిపోవడం కూడా మానేసింది. అందరూ ఉండి కూడా నోరు విప్పలేదనుకుని, ఒళ్లు మండిపోతూ బట్టల మీద నీళ్లు చల్లసాగింది.

మధ్యాహ్నం తిరక్కముందే చెల్లెలు ఊడిపడింది. ఆసుపత్రి యూనిఫాంలోనే ఉంది, ముఖం ఎర్రగా కందిపోయింది.

“ఏం పని చేశావక్కా! కొంప ముంచావు కదా!”

“నేనేం చేశానే? ఒక్కరైనా పలికారా?”

“పలకడమా? ఏం చేశావో నువ్వే విను.” చెల్లెలు తన ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది.

కొట్టంతా అక్కయ్య గొంతుతో నిండిపోయింది. హలో... ఉన్నారా... నేనే, అక్కయ్యను... నువ్వైనా పలుకు... ఎవరూ మాట్లాడరేం. తాను కోపంగా మాట్లాడాననే అక్కయ్య ఇంతసేపూ అనుకుంది. ఆ గొంతులో కోపం లేదు. చీకటింట్లో దారి తెలియని ముసలిది గోడలు తడుముకుంటున్నట్టు ఉంది. ఈ గొంతు నాదేనా అని ఆమెకు గుండె కలుక్కుమంది.

“అందరూ విన్నారు” అంది చెల్లెలు. “మా వియ్యపురాలు కూడా వింది. ‘మీ అక్కగారికి ఎవరూ లేరా?’ అని అడిగింది. నేనేం చెప్పను? నాకు ముఖం చెల్లడం లేదు.”

“బాగా అయింది” అంది అక్కయ్య. కూడబలుక్కున్న మాటలతో కూడా ఇంత దెబ్బ తగిలేది కాదు. “బ్రహ్మాండంగా అయింది! నన్ను బతికుండగానే మంచాన పడుకోబెట్టినప్పుడు ఏమైందే నీ ముఖం? నువ్వంటే సరే, నీకెప్పుడూ నీ గొడవే. అది కూడానా? నా ఒళ్లో పెరిగిన పిల్ల, ‘పెద్దమ్మా, నాకు పెళ్లి’ అని ఒక్క మాట అనలేకపోయిందా?”

అప్పుడే బీరువాలో ఫోన్ మోగింది.

అక్కయ్య తీసి చూసింది. తెర మీద చిట్టెలుక ఫోటో, వీడియో కాల్. వేలితో పైకి తోసింది, కదల్లేదు. నీళ్లు చల్లుతున్న చేయి తడిగా ఉంది. చీరకు తుడుచుకుని మళ్లీ తోసేలోగా ఆగిపోయింది. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి వేలు పక్కకు జారింది.

“తియ్యవే!” అని ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టింది.

చెల్లెలు దాన్ని నిప్పు పట్టుకున్నట్టు పట్టుకుంది. తీస్తే ఏం బయటపడుతుందో ఆమెకు తెలుసు. అయినా తీసింది.

“పెద్దమ్మా!” ఆ పిల్ల ఏడుస్తోంది. “నేనంటే నీకు కోపం కదా! అబ్బాయి నచ్చలేదు, గడప తొక్కనన్నావు కదా! మరి నన్నెందుకలా పిలిచావు?”

“నేనెప్పుడన్నానే? ఎవరు చెప్పారు నీకు?”

“అమ్మ.”

చెల్లెలు తన ముఖం కనబడకుండా ఫోన్‌ను అక్క వైపు తిప్పింది.

“నువ్వే ఫోన్ చేసి తిడతావని చూశాను” అంది పిల్ల. “తిట్టినా బాగుండు అనుకున్నా.”

అక్కయ్య చెల్లెలి వైపు తిరిగింది. “ఫోన్ నీ చేతిలోనే ఉంది. నువ్వే చెప్పు.”

“నేనే అబద్ధం చెప్పాను” అంది చెల్లెలు నెమ్మదిగా. “మీ పెద్దమ్మకి అసలు కబురే పంపలేదు.”

పిల్ల కళ్లు తుడుచుకుంది. గొంతు గట్టిపడింది. “రేపు వస్తున్నా పెద్దమ్మా. నీ దగ్గరే దిగుతా. అమ్మను మాత్రం అక్కడికి రావద్దని చెప్పు. నేను మాట్లాడను.” ఫోన్ ఆగిపోయింది.

అక్కయ్య కోరుకున్న కక్ష తీరింది. కోరుకున్నదానికన్నా ఎక్కువే తీరింది. మరి చల్లబడాల్సిన మనసు ఎందుకు చల్లబడలేదో ఆమెకే అర్థం కాలేదు.

చెల్లెలు బట్టల మూటల మధ్యే చతికిలబడింది. “దానికి దెబ్బ తగిలితే నీ దగ్గరికి పరిగెత్తేది. మార్కులొస్తే నీకే ముందు చెప్పేది. ఒక్కరోజక్కా. ఒక్కరోజు దాని పక్కన అమ్మగా నేనొక్కదాన్నే నిలబడాలనుకున్నా.” కొంగు లేదు కనుక యూనిఫాం చేతితోనే కళ్లు తుడుచుకుంది. “నిలబడ్డా. ఫోటోలన్నీ చూసుకున్నా. ఒక్క దాంట్లోనూ అది నా వైపు చూడలేదు. అన్నిట్లోనూ గుమ్మం వైపే చూస్తోంది.”

అక్కయ్యకు, రాత్రంతా రోగుల దగ్గర నిలబడి, తెల్లవారి వచ్చి, నిద్రపోతున్న పిల్లను మూటలోంచి తీసుకుని వెళ్లిన చెల్లెలు కళ్ల ముందు మెదిలింది. పిల్ల నిద్రలో తనను వెతుక్కుంటూ ఏడ్చేది. అప్పుడు తనకు లోలోపల ఎంత గర్వంగా ఉండేది!

“అది రేపొస్తే నువ్వూ ఇక్కడే ఉండు” అంది. “మాట్లాడనంటే చెవి మెలేస్తా. ఆ హక్కు నాకుంది.”

“మరి గ్రూపులో? వాళ్లకి కూడా నిజం చెప్పేయమంటావా?”

“ఆ ఫోన్ ఇలా ఇయ్యి.”

ఈసారి అక్కయ్య చేయి బాగా తుడుచుకుంది. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, ఎవరి బదులూ ఆశించకుండా, గట్టిగా మాట్లాడింది.

“అందరికీ చెప్తున్నా. పొద్దున జ్వరం మత్తులో ఏదేదో వాగాను, ఏమీ అనుకోకండి. ఇప్పుడు తగ్గింది. మా చెల్లెలే దగ్గరుండి చూసుకుంటోంది. ఇకనుంచి రోజూ డ్యూటీ దిగ్గానే ఇక్కడికొచ్చి చూసుకుంటానని మాటిచ్చింది. వియ్యపురాలుగారూ, ఏ రోజైనా రాకపోతే మీకు చెప్తాను.”

వేలు తీసింది. చెల్లెలు తలెత్తి చూసింది.

“రోజూనా?”

“రోజూ. లేకపోతే వియ్యపురాలికి చెప్పనా?” అని అక్కయ్య చేయి చాపి చెల్లెలిని మూటల మధ్యనుంచి పైకి లేపింది. లేపిన చేయి వెంటనే వదల్లేదు.