పసుపు మూతల సోడా

"ముందు ఆ తలుపు మూసేయండి! చలికి చచ్చిపోతున్నాం!"

గిట్టెల్ నాతో అన్న మొదటి మాట అది.

"మూయకూడదండీ," అన్నాను. "లోపల మనం ఇద్దరమే ఉన్నాం."

"ఉంటే?"

"పరాయి ఆడా మగా తలుపేసుకుని ఒకచోట ఉండకూడదు. మీకు తెలియంది కాదు."

"తెలుసు. పొద్దున్నే ఆరింటికి, ఈ నూనె మరకల గౌనులో కూడా నేను అంత ప్రమాదంగా కనిపిస్తానని మాత్రం తెలీదు." చేతిలో ఉన్న పానా ఎత్తి చూపించింది. "భయపడకండి ఇన్‌స్పెక్టర్ గారూ, మీ జోలికి రాను."

నేను తలుపు మూసుకుపోకుండా ఒక సోడా పెట్టె అడ్డం పెట్టాను. మార్చి నెల గాలి బ్రూక్లిన్‌లో ఉన్న చలినంతా మోసుకుని లోపలికొచ్చింది. ఆవిడ నావైపు ఒక చూపు చూసి, మఫ్లర్ బిగించుకుని, పనిలో పడింది. ఆ చూపు మంచిది కాదు. అయినా నాకు నచ్చింది. ఇరవై ఆరేళ్ళ వయసులో బుర్ర అలాగే పనిచేస్తుంది.

మా యూదుల మతగురువులైన రబ్బీల ఆఫీసు తరఫున, తిండీ పానీయాలూ మా నియమం ప్రకారం శుద్ధంగా ఉన్నాయో లేదో చూసే కోషర్ ఇన్‌స్పెక్టర్ని నేను. పేరు జెలిగ్. కోనీ ఐలండ్ ఎవెన్యూ వెనక సందులో ఉన్న వైస్‌బ్లుమ్ సోడా ఫ్యాక్టరీకి ఆ ఏడే కొత్తగా వేశారు నన్ను. ఏడాదంతా అందరిలాగే వాళ్ళూ మొక్కజొన్న పాకంతో సోడా చేస్తారు. పస్కా పండగ ఎనిమిది రోజులూ మొక్కజొన్న మా నోట పడకూడదు కాబట్టి, పండగ సరుకు మాత్రం అసలు చక్కెరతో చేస్తారు. దానికి ముందు యంత్రాలన్నీ ఇరవై నాలుగు గంటలు చల్లగా, ఊరికే ఉండాలి. తర్వాత మరిగే నీళ్ళు పారించాలి. చక్కెర బస్తా నా కళ్ళ ముందే విప్పాలి. అప్పుడే సీసాకి పసుపు మూత పడుతుంది. ఆ మూతల పెట్టె తాళం నా జేబులో ఉంటుంది.

యజమాని నఫ్తాలి గారు పైఅంతస్తులో మంచం మీద ఉన్నారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. పస్కా చూస్తే గొప్పే అన్నారట డాక్టర్లు. భార్య ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్క కూతురు. ఏదన్నా కావాలంటే ఆయన చేతికర్రతో నేల మీద కొట్టేవారు, గిట్టెల్ పానా పారేసి మెట్లెక్కేది.

ఆ సోమవారం నేను, మర్నాటిదాకా ఎవరూ వాడకుండా, కుళాయిలన్నిటికీ సంతకం పెట్టిన సీలు కాగితాలు అంటిస్తుంటే ఆవిడ నా వెనకే తిరిగింది.

"మీ అమ్మగారికి మీరొక్కరే కొడుకా?"

"ఐదుగురం. ఎందుకూ?"

"ఏం లేదు. ఒక్కడే అయితే గారాబం అనుకుందును. ఐదుగుర్లో ఒకరై ఉండి కూడా ఇంత మొండితనం ఎలా వచ్చిందో!"

నేను పడీ పడీ నవ్వాను. నవ్వుతూ ఐదు కుళాయిలకీ సీళ్ళు వేసి, పాకం కాచే కాగు మూతకి వెయ్యడం మరిచిపోయాను. నా జన్మలో నవ్వుకి అంత మూల్యం ఎప్పుడూ చెల్లించలేదు.

మర్నాడు పొద్దున్న మరిగే నీళ్ళు పారించాం. చక్కెర బస్తాలు విప్పాం. లారీ నడిపే ఫెర్మిన్ కూడా మాతో పాటు సీసాలు మోశాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి రెండొందల నలభై పెట్టెలు, అన్నీ రాస్ప్‌బెర్రీ, గోడ పొడవునా పసుపు మూతలతో నిలబడ్డాయి. పైన కర్ర చప్పుడైంది. ఈసారి పెద్దాయన పిలిచింది నన్ను.

దుప్పటి కింద మనిషున్నాడా లేడా అన్నట్టున్నారు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"కూర్చో అబ్బాయ్. నలభై ఒక్క ఏళ్ళయింది నేను ఈ పని మొదలుపెట్టి. నా సీసా చూసి ఎవరూ పండగ బల్ల మీద పక్కకి పెట్టలేదు. ఈ ఏడు నేను కింద లేను, నువ్వున్నావు. చెప్పు, శుద్ధంగా ఉందా సరుకు?"

"ఉందండీ," అన్నాను. నమ్మే అన్నాను.

"ఇంక నేను వెళ్ళిపోయినా ఫరవాలేదు." కళ్ళు మూసుకుని, మళ్ళీ ఒకటి తెరిచారు. "పెళ్ళయిందా?"

"లేదండీ."

"కింద ఉన్నదాని నోటికి భయపడకు. అది వాళ్ళమ్మ నోరు. నేను ముప్ఫై ఏళ్ళు సుఖంగా బతికాను దాంతో."

చెవులు ఎర్రబడి కిందికి దిగాను. లారీలో పెట్టెలు సర్దేశారు. గిట్టెల్ లారీ పక్కన నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను నిన్న కాగు వాడాను," అంది.

"ఏ కాగు?"

"పాకం కాగు. సాయంత్రం ఆరింటికి. నాన్న రెండ్రోజుల్నించీ ఏమీ మింగట్లేదు. వేడినీళ్ళలో రాస్ప్‌బెర్రీ పాకం కలిపి ఇస్తావా అమ్మా అన్నారు. పై వంటింటిని నేను అప్పుడే కడిగి పస్కాకి మార్చేశాను, ఫ్యాక్టరీ పనిలో పడితే మళ్ళీ తీరదని. మొక్కజొన్న పాకం ఆ పొయ్యి మీద ఎలా పెట్టను? కింద కాగు కనిపించింది. దానికి సీలు లేదు. ఎలాగూ పొద్దున్న మరిగే నీళ్ళు పోస్తారు కదా అనుకున్నాను. ఇరవై నాలుగు గంటల సంగతి... నాకప్పుడు ఆయన గొంతు తప్ప ఇంకేం గుర్తులేదండీ."

"తాగారా?"

"రెండు గుక్కలు."

ఎవరికీ తెలియని తప్పు అది. ఆవిడ నోరు విప్పకపోతే ప్రపంచంలో ఎవరికీ తెలిసేది కాదు. అందులో సగం నాది.

"ఇప్పుడెందుకు చెప్పారు?"

"లారీ కదులుతోంది కాబట్టి," అంది కోపంగా. "జనం పండగ పూట పిల్లలకి పోస్తారు దాన్ని. మా నాన్న పేరు చూసి పోస్తారు."

ఆ క్షణంలోనే నాకు ఆవిడ మీద ప్రేమ కలిగింది. కలగడానికి అంతకంటే పాడు సమయం ఉండదు.

ఆఫీసు గదిలోంచి పెద్ద రబ్బీకి ఫోన్ చేశాను. చల్లబడిన గంటలెన్ని అని అడిగారు. పదమూడు. సీలు ఏమైంది అన్నారు. మరిచిపోయానన్నాను.

"ఒక్క సీసా కూడా బయటికి పోకూడదు జెలిగ్. మూతలన్నీ నువ్వే పీకు, నీ చేత్తో. పండగలోపు పగళ్ళన్నీ వేరే ఫ్యాక్టరీలకి ఇచ్చేశాం, వాళ్ళకి మళ్ళీ ఇంకో రోజు ఇవ్వడం కుదరదు, నీకూ తెలుసు."

తెలుసు. కడిగిన సీసాలూ అయిపోయాయి, చక్కెరా అయిపోయింది. మూత తీసిన సోడాలో గ్యాసు నిలవదు, వేరే మూత పెట్టి మామూలు సరుకుగా అమ్ముకోవడానికి కూడా పనికిరాదు. మొత్తం పారబొయ్యాల్సిందే.

పైన కర్ర చప్పుడు. కిటికీలోంచి ఆయన గొంతు. "గిట్టెల్! లారీ ఇంకా కదల్లేదేం?"

ఆవిడ నా కోటు పట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయనకి మాత్రం చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. పోయే ముందు ఇది వినకూడదు ఆయన."

నేను ఫెర్మిన్‌తో లారీ తియ్యమన్నాను. పెద్దాయనకి వినపడేలా ఒక హారన్ కూడా కొట్టించాను. నాలుగు వీధుల అవతల, పాత టైర్లు పడేసే ఖాళీ స్థలంలో లారీ ఆపించి, ముగ్గురం మూతలు తీసి ఒక్కో సీసా కాలవలో వంచాం. వాన మొదలైంది. పనివాడు ఫెర్మిన్ ఉన్నాడు కాబట్టి ఆడా మగా ఒంటరిగా ఉండకూడదన్న నియమం చెడలేదని నాకు నేను చెప్పుకున్నాను. గిట్టెల్ చేతులు చలికి పగిలి, ఎర్రటి రాస్ప్‌బెర్రీ నీళ్ళు వాటి మీదనుంచి పారుతుంటే చూడలేకపోయాను.

"మీరు లారీలో కూర్చోండి. నేను తీస్తాను."

"రబ్బీ గారు మిమ్మల్ని పీకమన్నారు. నన్ను దేవుడు పీకమన్నాడు. మాట్లాడకుండా పట్టండి."

ఆ తర్వాత మూడు వారాలు మేమిద్దరం ఆయనకి అబద్ధాలు చెప్పాం. సాయంత్రం నేను మంచం పక్కన కూర్చునేవాణ్ణి, ఆవిడ ఆయన కాళ్ళ దగ్గర.

"పదమూడో ఎవెన్యూ కొట్లో సరుకు అయిపోయిందండీ," అనేవాణ్ణి.

"అప్పుడేనా?"

"ఇద్దరు ఆడవాళ్ళు ఆఖరి పెట్టె కోసం పోట్లాడుకున్నారు నాన్నా," అనేది గిట్టెల్. "ఒకావిడ విగ్గు జారిపోయిందట!"

మాలో పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు కనపడకుండా విగ్గు పెట్టుకుంటారు. పెద్దాయన దగ్గుతూ నవ్వేవారు. మెట్ల మీద ఆవిడ నన్ను దులిపేసేది. "మీకు అబద్ధమాడటం రాదు. చెవులు ఎర్రబడతాయి. రేపట్నుంచి టోపీ కిందికి లాక్కుని రండి."

"మీకు మాత్రం బాగా వచ్చు."

"అవును," అంది ఒకరోజు, ఇక నవ్వకుండా. "రోజురోజుకీ బాగా వస్తోంది. నాకు భయమేస్తోంది జెలిగ్ గారూ. ఆయన నా చెయ్యి పట్టుకుని నవ్వుతున్నారు. ఎవరి చెయ్యో పట్టుకున్నట్టుంది నాకు."

పండగకి ముందు రోజు మంగళవారం సాయంత్రం నఫ్తాలి గారు పోయారు. బుధవారం పొద్దున్న మట్టి చేశాం. అదే రోజు సూర్యాస్తమయానికి పస్కా మొదలు.

మాలో మనిషి పోతే ఏడు రోజులు ఇంట్లో కింద కూర్చుంటారు. తెలిసినవాళ్ళంతా వచ్చి పరామర్శిస్తారు. కానీ మధ్యలో పండగ వస్తే ఆ ఏడు రోజులూ అక్కడితో రద్దు. గిట్టెల్‌కి మిగిలింది ఆ మధ్యాహ్నం ఒక్కటే.

నేను వెళ్ళేసరికి నాలుగున్నర. జనం పండగ పనుల్లో ఉన్నారు, ఇంట్లో గిట్టెల్ మేనత్త తప్ప ఎవరూ లేరు. గిట్టెల్ పొట్టి పీట మీద కూర్చుంది, చావు ఆచారం ప్రకారం గౌను మెడ దగ్గర చింపుకుని. నేను ఎదురుగా కూర్చున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళు ముందు మాట్లాడేదాకా వచ్చినవాడు నోరు విప్పకూడదు. విప్పలేదు. అయిదైంది. అయిదున్నరైంది. ఆవిడ నేలకేసి చూస్తూనే ఉంది. నామీద కోపం కాబోలు అనుకున్నాను. సీలు సరిగ్గా వేసుంటే ఈ అబద్ధాలే ఉండేవి కావు.

"చెప్పేశాను," అంది చివరికి. "సోమవారం. కాగు సంగతి, కాలవ సంగతి, విగ్గు సంగతి. అన్నీ."

"ఏమన్నారు?"

"ముందు, ఎన్ని సీసాలు బయటికి పోయాయని అడిగారు. ఒక్కటి కూడా పోలేదు, ఆ అబ్బాయీ నేనూ వానలో నిలబడి అన్నీ పారబోశాం అన్నాను." ఆవిడ తన అరచెయ్యి చూసుకుంది. "'అయితే ఈ ఏడు కూడా నా పేరు శుద్ధంగానే ఉంది కదే' అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. అది నా చెయ్యే."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

మేనత్త గుమ్మంలోకి వచ్చింది. "లే గిట్టెల్. పొద్దు వాలిపోతోంది. లేచి మొహం కడుక్కో, దీపాలు పెట్టాలి. అయిపోయింది తల్లీ."

గిట్టెల్ లేవలేదు. "ఏడు రోజుల ఏడుపు అత్తా. ఒక్క పూటలో ఎలా అయిపోతుంది? మిగతాది ఎక్కడ పెట్టుకోను?"

మేనత్త తలవంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నాకు ఇవ్వండి," అన్నాను.

ఆవిడ తలెత్తింది.

"పండగ వెళ్ళాక రోజూ సాయంత్రం వస్తాను. ఎదురుగా కూర్చుంటాను. మీరు మాట్లాడేదాకా మాట్లాడను."

"ఏడు సాయంత్రాలా?"

"మీరు చాలనేదాకా. ఎప్పటికీ అనకపోయినా నాకిష్టమే."

గిట్టెల్ పీట మీంచి లేచింది. కన్నీళ్ళతోనే నా చెవుల వైపు చూసింది.

"ఎర్రబడలేదు," అని, దీపాలు పెట్టడానికి వెళ్ళింది.