పదకొండోసారి అడిగిన మాట

నాకు మతిమరుపు లేదు. ముప్పై ఏళ్లుగా ఇబాదాన్ నగరంలో నేను చేసిన పనే ఇతరుల మతిమరుపును కొలవడం కాబట్టి, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ముసలివాళ్ల జ్ఞాపకం ఏడాదికేడాది ఎంత తరిగిందో చూసేదాన్ని. వాళ్లు పోయాక మెదడు తీసి, మా పరిశోధనశాలలో ఫ్రీజర్లలో దాచేదాన్ని.

అలా దాచిన మొదటి మెదడు అజోకెది. బొడిజా బజారులో పెండలం పిండి అమ్మేది. పరీక్షకి మా వ్యాన్‌లో వచ్చినప్పుడల్లా నాకో పిండి పొట్లం తెచ్చేది. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడిగేదాన్ని. ఒక్కటీ గుర్తుండేది కాదు. "ఇంత చదువుకుని ఆ మూడు మాటలూ నువ్వే గుర్తుపెట్టుకోలేవా, నన్నడుగుతావు?" అని నవ్వేది.

పోయాక మెదడు ఇస్తావా అని అడిగితే మాత్రం నవ్వలేదు.

"ఇవ్వను. పొద్దున లేస్తూనే నా తలకే మొక్కుకుంటాను. దాన్ని బోలు చేసుకుని మట్టిలోకి ఎలా వెళ్లను?"

ఒకసారి కాదంటే మళ్లీ అడగకూడదు. అది మా నియమం. కానీ పది నిమిషాలయ్యేసరికి నేను అడిగినట్టే ఆమెకు గుర్తుండేది కాదు. నేను వెళ్లి టీ తాగి వచ్చి, కొత్తగా అడిగేదాన్ని. పదిసార్లు ఇవ్వనంది. ప్రతిసారీ ఆమె ఫైలు వెనక పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకున్నాను. పదకొండోసారి అలసిపోయి, "అలాగేలే తల్లీ" అంది. వెంటనే ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, ఒప్పుదల కాగితం మీద ముద్ర వేయించాను.

పాతిపెట్టిన రోజున ఆమె తల గుడ్డ కింద కుట్లున్నాయని ఎవరికీ తెలియదు. ఆ మెదడుతోనే నేను ప్రొఫెసర్‌నయ్యాను. సిగ్గుపడలేదు, గర్వపడ్డాను.

మొన్న శనివారం, పదవీ విరమణకు నెల ముందు, పాత ఫైళ్లు సర్దుకుందామని వెళ్లాను. ఎడారి గాలికి బయటంతా దుమ్ము కమ్మి, పగలే మసకగా ఉంది. నర్సు కుదిరాత్ వరండాలో కూర్చుని వేయించిన అరటికాయ ముక్కలు తింటోంది. నేను లోపల ఉండగా కరెంటు పోయింది. ఫ్రీజర్ల రొద ఆగిపోయింది. జనరేటర్ అందుకోలేదు. ఆ నిశ్శబ్దంలో వాసన వచ్చింది... పులిసిన పెండలం పిండి వాసన.

నా ఎదుట, రోగులు కూర్చునే కుర్చీలో ఎవరో ఉన్నారు. తల గుడ్డ కనుబొమల దాకా దిగి ఉంది.

"అమ్మాయీ," గుసగుసగా అంది. "మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకో. పామాయిల్... రోకలి... దుప్పటి."

నేను వెనక్కి జరిగి ఫ్రీజర్‌కి ఆనుకున్నాను.

"నీ తల నాకిస్తావా?"

"ఇవ్వను."

తల ఊపింది. గుడ్డ కింద ఏదో ఖాళీగా కదిలింది.

"పర్లేదు. మళ్లీ అడుగుతాను. నాకేం తొందర లేదు... నువ్వెలాగూ మర్చిపోతావుగా."

కరెంటు వచ్చింది. కుర్చీ ఖాళీ. వరండాలోకి పరుగెత్తి, జరిగిందంతా కుదిరాత్‌కి చెప్పాను. నేను వందలమంది ముసలివాళ్లను ఎలా చూశానో, ఆమె నన్ను అలా చూసింది.

"మేడమ్," అంది మెల్లగా, "పొద్దుటి నుంచి మీరు ఈ మాట చెప్పడం ఇది తొమ్మిదోసారి."

ప్రతిసారీ నీళ్లు తాగి, ఒక్క ఫైలుందంటూ మళ్లీ లోపలికి వెళ్లానట. నమ్మలేదు. లోపలికెళ్లి అజోకె ఫైలు తిరగేశాను. పది పాత గీతల కింద తొమ్మిది కొత్త గీతలున్నాయి. అవి నేను పెట్టే గీతలే.

బయటికొచ్చి, అరచేతిలో 'లోపలికి వెళ్లకు' అని రాసుకున్నాను. గదికి తాళం వేయించాను.

ఆ తరవాతది కుదిరాత్ చెప్పింది. నన్ను వరండాలో కూర్చోబెట్టి కారు తేవడానికి వెళ్లిందట. పావుగంటలో తిరిగొచ్చేసరికి గది తలుపు తీసి ఉంది. తాళంచెవి మాత్రం ఆమె జేబులోనే ఉంది. నేను రోగుల కుర్చీలో కూర్చుని, చాలా అలసిపోయినదానిలా నవ్వుతున్నానట.

ఈ రోజు ఆదివారం, మధ్యాహ్నం. ఇంట్లో నా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. అరచేతిలో రాత అలాగే ఉంది. ఇందాక డ్యూటీలో ఉన్న కుదిరాత్‌కి ఫోన్ చేసి, ఆ కొత్త గీతలు లెక్కపెట్టి చెప్పమన్నాను.

"పది, మేడమ్."

పదిసార్లు ఇవ్వననే అన్నానన్నమాట. పదకొండోసారి అడిగిందా? అడిగితే నేనేమన్నాను? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పామాయిల్... రోకలి... ఇంకోటి ఉంది.

మా ఆఫీసులో ఇంకు ప్యాడ్‌లు తీసేసి తొమ్మిదేళ్లయింది. వేలిముద్రలన్నీ ఇప్పుడు యంత్రంలోనే. అయినా నా కుడి బొటనవేలికి ఊదారంగు ఇంకు అంటుకుంది. సబ్బుతో మూడుసార్లు కడిగాను. ఇంకా తడిగానే ఉంది.