ఏ ఒడ్డున దిగుదాం

"మీరు ఎటంటే అటేనండీ."

పొద్దుటి నుంచీ ఈశ్వర్‌ది ఇదే మాట. కనూలో ముందు కూర్చున్న మనోజ్ఞ తెడ్డు ఆపి వెనక్కి తిరిగి చూసింది. అతను నవ్వాడు. నవ్వితే ముందు కళ్లు నవ్వుతాయి అతనికి. అదే చిక్కు.

అసలు అతనితో ఒకే పడవ ఎక్కుతానని ఆమె అనుకోలేదు. బెర్లిన్ ఆఫీసులో తనతో పనిచేసే కావ్యశ్రీ, వీకెండ్‌కి మెక్లెన్‌బర్గ్ సరస్సుల్లో కనూ ట్రిప్ అంటే మనోజ్ఞ సరదాపడి వచ్చింది. తీరా వచ్చాక కావ్యశ్రీ, భర్త అఖిలేష్ ఒక పడవెక్కేశారు. రెండో పడవలో మిగిలింది ఈశ్వర్. కావ్యశ్రీకి పిన్ని కొడుకు, ఊరు అమలాపురం, ఉద్యోగం జర్మనీకి ఆ చివరనున్న వాల్డార్ఫ్‌లో.

ఇవి పెళ్లిచూపులని మనోజ్ఞకి అర్థమయ్యేసరికి ఒడ్డు చాలా దూరమైపోయింది.

కోపం రావాల్సిందే, రాలేదు. కానీ అతను దేనికీ కాదనడు. పోయినేడాది వచ్చిన సంబంధం ఇలాగే ఉండేది. ఆ అబ్బాయి అన్నిటికీ ఊకొట్టి, చివరికి వాళ్ల నాన్నచేత కాదనిపించాడు. ఇంకోసారి అలాంటి 'సరే'లు వినే ఓపిక ఆమెకి లేదు.

బ్రెడ్డు కొనాలని కావ్యశ్రీవాళ్లు దారిలో ఊరి దగ్గర ఆగిపోయారు. వీళ్లు ముందుగా వెళ్లి టెంట్ వేసే చోటు చూడాలి. ఎక్కడ పడితే అక్కడ వేయడానికి లేదు. పడవలవాళ్లు ఆగేందుకు అనుమతి ఉన్న చోట్లను, కనూ అద్దెకిచ్చినాయన మ్యాప్ మీద గుర్తుపెట్టి ఇచ్చాడు.

మొదటి చోటు చూడగానే మనోజ్ఞ మనసు పారేసుకుంది. తెల్లటి ఇసుక, ఎదురుగా సరస్సంతా, పడమటి ఆకాశమంతా.

"ఇక్కడైతే సన్‌సెట్ మొత్తం కనపడ్తది. ఎట్లుంది?"

ఈశ్వర్ ఒకసారి మబ్బుల వైపు, ఒకసారి ఇసుక వైపు చూశాడు. "బాగుందండీ."

టెంట్ లేచిన కాసేపటికే గాలి మొదలైంది. ఇసుకలో దిగ్గొట్టిన మేకులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. ఆ వెంటనే వాన. టెంట్ గుడ్డని ఇద్దరూ నెత్తిమీద గొడుగులా పట్టుకుని పక్కపక్కన నిలబడ్డారు.

"గిట్లయితదని మీకు ముందే తెల్సా?"

"అనుమానం వచ్చిందండీ. ఇసుకలో మేకులు నిలవవు. గాలికి అడ్డం కూడా ఏం లేదు."

"మరెందుకు చెప్పలే?"

"మీకంత నచ్చింది కదా అని..."

"నచ్చింది నాకు. తడుస్తున్నది ఇద్దరం."

అతను గుడ్డని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. "మా కావ్యశ్రీ అక్క చెప్పిందండీ. ఆ పిల్లకి ఎదురు చెప్పకు, పారిపోద్ది అని."

మనోజ్ఞకి కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. "రేపు నేను ఏదన్న తప్పు చేస్తుంటే గూడ గిట్లనే చూస్తూ నిలబడ్తరా?"

ఈసారి అతను నవ్వలేదు. "నిలబడనండీ," అన్నాడు మెల్లగా.

వాన వెలిసింది. దగ్గర్లోనే గుర్తుపెట్టిన ఇంకో చోటుంది, పెద్ద చెట్టు కింద. "అక్కడికి పోదాం," అంది మనోజ్ఞ.

ఈశ్వర్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "వద్దు."

అండీ కూడా లేదు. మనోజ్ఞ తిరిగి చూసింది.

"ఆ పై కొమ్మ ఎండిపోయింది. దాని కింద నేను పడుకోను, మిమ్మల్నీ పడుకోనివ్వను. మ్యాప్‌లో ఉన్న మూడో చోట, అవతలి ఒడ్డున, పైన్ చెట్లున్నాయి. గట్టు ఎత్తు, నీళ్లు నిలవవు. గాలిని చెట్లు ఆపుతాయి. పొద్దున్నే ఎండ కూడా పడుద్ది."

"దిగనీకి అంతా రాళ్లే ఉన్నయ్ గద."

"పక్కన రెల్లులో దారుంది."

"దారి లేదు. అది ఉత్త నీడ."

"దారే."

సరస్సు దాటేంతసేపూ వాదించుకున్నారు. తీరా చూస్తే దారి లేదు, నీడే. రాళ్ల మీదే దిగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జారుతూ గట్టెక్కారు. పైన మాత్రం అతను చెప్పినట్టే నేల పొడిగా, చదునుగా ఉంది. మేకులు గట్టిగా దిగాయి. తడిబట్టలు తాడు మీద ఆరేసి, స్టవ్ మీద టీ పెట్టుకున్నారు. జూన్ పొద్దు ఇంకా వాలలేదు.

"ఇంకోటి కూడా వద్దనాలండీ," అన్నాడు ఈశ్వర్.

"అనండి."

"రేపు మీరు బెర్లిన్‌కి, నేను వాల్డార్ఫ్‌కి వెళ్లిపోయి, ఇది ఇక్కడితో అయిపోవడం. అది వద్దు."

మనోజ్ఞ టీ ఊదుకుంది. గుండె మాత్రం తెడ్డు వేస్తున్నప్పటికంటే జోరుగా కొట్టుకుంటోంది.

"నా ఉద్యోగం నేను వదల్ను."

"వదలమనలేదు. మా కంపెనీకి బెర్లిన్‌లో కూడా ఆఫీసుంది. అడుగుతాను."

"ఇయ్యకపోతే?"

"అప్పుడు కూర్చుని పోట్లాడుకుందాం."

ఆమె నవ్వింది. కప్పు కింద పెట్టి అతనికి దగ్గరగా జరిగింది. "సరే," అంది.

అంతలో కావ్యశ్రీవాళ్ల పడవ రెల్లు పక్కగా వచ్చింది. "ఏంట్రా, మొదటి చోట చూస్తే లేరు, ఇక్కడున్నారు? ఇద్దరికీ ఆ నవ్వులేంటి?"

"అక్కా, నీ తమ్ముడు నాకు ఎదురు మాట్లాడుతుండు," అంది మనోజ్ఞ. "మా అమ్మకి నువ్వే ఫోన్ చెయ్యాలె."

కావ్యశ్రీ మొహం వాడిపోయింది. "ఏమని చెప్పను?"

"పిల్లోడు నచ్చిండని."

కావ్యశ్రీ రెండు చేతులూ పైకెత్తి పడవలోనే లేచి నిలబడింది.

"కూర్చోవే తల్లీ," అన్నాడు వెనక నుంచి అఖిలేష్, తెడ్డు ఒదిలేసి అంచులు పట్టుకుంటూ. "పెళ్లి చేయించేముందు నన్ను ముంచేట్టున్నావ్."